నల్లా బిల్లు ఎవరి చేతికి?

గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కి తెల్లారకముందే తెల్లారుతుంది. బంతి, చామంతి, లిల్లీ మూటలు ఒకదాని వెంట ఒకటి దిగుతుంటాయి. గోనెపట్టాల మీద రాశులు పోశాక కుర్రాళ్లు వాటిమీద నీళ్లు చిలకరిస్తారు. కాస్త ఆగి చూడండి. ఒక్కడూ మగ్గు వంచి పొయ్యడు. వేళ్ల సందుల్లోంచి తుంపర్లుగా రాల్చడమే. నీళ్లు ఎక్కువైతే పువ్వు కుళ్లుతుంది, తక్కువైతే వాడుతుంది. ఎటు తప్పినా నష్టం ఆ పూటే తెలిసిపోతుంది. అందుకే అక్కడ ఎవరికీ నీటి పొదుపు గురించి పాఠాలు చెప్పాల్సిన పనిలేదు.

ఆ మార్కెట్‌కు నాలుగు గల్లీల అవతల ఓ మూడంతస్తుల ఇల్లు ఊహించుకోండి. ఆ మాటకొస్తే ఊహించుకోవాల్సిన అవసరం కూడా లేదు. మెహిదీపట్నం, కార్వాన్, ఆసిఫ్‌నగర్... ఏ గల్లీలోకి వెళ్లినా కనిపించే ఇల్లే. కింద ఓనరు కుటుంబం. పై రెండంతస్తుల్లో నాలుగు పోర్షన్లు, నాలుగు కిరాయి కుటుంబాలు. మెట్ల కింద గోడకి వరసగా ఐదు కరెంటు మీటర్లు. గేటు పక్కన సిమెంటు మూత కింద, అద్దం మీద మట్టి పేరుకుపోయి, ఒకే ఒక్క నీళ్ల మీటరు.

నెలాఖరు దగ్గర పడుతుంటే ఆ మెట్ల కింద సందడి చూడాలి.

‘‘చిన్నీ, మీటరెంతుందో చూసి రాపో!’’

‘‘పోయిన బిల్లులోది తీసేస్తే నూట ఎనభై ఏడు మమ్మీ!’’

‘‘అమ్మో... ఇంకా నాలుగు రోజులుంది. గీజరు బంద్ చెయ్. ఇస్త్రీ బట్టలు బండికి ఇచ్చేద్దాం.’’

తెల్ల రేషన్ కార్డున్న ఇళ్లకు 200 యూనిట్ల లోపు కరెంటు వాడితే సున్నా బిల్లు ఇచ్చే గృహజ్యోతి పథకం 2024లో వచ్చింది. ఆ ఏడాది మార్చి నుంచి సున్నా బిల్లులు రావడం మొదలైంది. 200 దాటితే మాత్రం వాడిన మొత్తానికీ కట్టాల్సిందే. అంతే! కూడికలు తీసివేతలంటే పారిపోయే పిల్లలు కూడా మీటరు లెక్కల్లో ఆరితేరిపోయారు.

అదే ఇంట్లో, అదే రోజు, పొద్దున్నే ఇంకో సీను. సంపు నుంచి పైకి నీళ్లు ఎక్కించే మోటారు వేసి ఓనరుగారి భార్య ఝామ్‌సింగ్ బాలాజీ గుడికి వెళ్లారు. ట్యాంకు నిండింది. పొంగింది. గోడ వెంట జారి, సన్‌షేడ్ మీద దూకి, గల్లీలో పారుతోంది. రెండో అంతస్తులో బట్టలు ఆరేస్తున్న ఆమె చూసింది. ‘‘ఆంటీ! మోటారు బంద్ చేయండీ!’’ అని ఓ కేక వేసింది. జవాబు రాలేదు. మళ్లీ బట్టలు ఆరేసుకుంది.

గీజరు ఆపించిందీ ఈమే. మరి పొంగుతున్న ట్యాంకు చూసి ఎందుకు కదల్లేదు? బద్ధకమా? బాధ్యత లేకపోవడమా? అంత మాట అనక్కర్లేదు. కరెంటు బిల్లు ఆమె చేతికి వస్తుంది. నీళ్ల బిల్లు రాదు. ఇంతే తేడా.

ఉచితం తెచ్చిన మీటరు

నీటికి ధర పెడితే జనం పొదుపుగా వాడతారన్నది ప్రపంచమంతా నమ్మే సూత్రం. హైదరాబాద్‌లో ఆ సూత్రం ఎక్కడ పనిచేసింది, ఎక్కడ తిరగబడింది అన్నది చూస్తే ఆసక్తికరంగా ఉంటుంది.

నగరానికి మంచినీరు ఇచ్చే, మురుగునీరు తీసుకెళ్లే బాధ్యత జలమండలిది. 1989లో చట్టం చేసి ఏర్పాటు చేసిన సంస్థ అది. ప్రతి నల్లాకీ మీటరు ఉండాలని అది ఏళ్ల తరబడి చెబుతూనే వచ్చింది. వినేవాళ్లేరీ? మీటరంటే జేబుకు చిల్లు అని జనం భయం. మీటరు లేని ఇంటికి నెలకింతని ఓ అంచనా బిల్లు వస్తుంది. బిందెడు వాడినా, ట్యాంకరు వాడినా అదే బిల్లు. అలాంటప్పుడు మీటరు పెట్టించుకుని చిక్కుల్లో పడటం ఎందుకని ఊరుకున్నారు. ఉన్న మీటర్లు పాడైనా బాగుచేయించినవాళ్లు తక్కువే.

2020 డిసెంబరులో గ్రేటర్ ఎన్నికలొచ్చాయి. నెలకు 20 వేల లీటర్ల నీళ్లు ఉచితమని హామీ. 2021 జనవరి 12న పథకం మొదలైంది. అయితే ఓ మెలిక పెట్టారు. బస్తీల్లోని మురికివాడల కనెక్షన్లకు తప్ప మిగతా ఇళ్లకు పనిచేసే మీటరు ఉండాల్సిందే, కనెక్షన్‌కు ఆధార్ జోడించాల్సిందే. లేదంటే ఉచితం వర్తించదు.

అప్పుడు చూడాలి హడావుడి! మీటర్లు అమ్మే ఏజెన్సీల చుట్టూ జనం. మీ సేవ కేంద్రాల్లో ఆధార్ జోడింపు కోసం జనం. మీటరు బిగించే ప్లంబర్ల కోసం వెతుకులాట. గడువును పలుమార్లు పొడిగించి 2021 డిసెంబరు చివరిదాకా తీసుకెళ్లారు. నీటి ధర ఏళ్లతరబడి చేయించలేని పనిని నీటి ఉచితం చేయించింది. ‘ఉచితం’ అనగానే పెదవి విరిచే ఆర్థికవేత్తలు కూడా ఈ ఒక్క విషయంలో కాస్త ఆగి ఆలోచించాలి. కొలవకుండా పొదుపు లేదు. హైదరాబాద్ ఇళ్లలో కొలత మొదలవడానికి కారణం బిల్లు కాదు, బిల్లు ఉండదన్న ఆశ!

ఇంతవరకూ బాగుంది. మరి ఈ 20 వేల లీటర్ల లెక్క ఏమిటి?

రోజుకు చూస్తే 667 లీటర్లు. నగరాల్లో ఒక్కో మనిషికి రోజుకు 135 లీటర్లు చాలన్నది కేంద్ర ప్రభుత్వ సంస్థల ప్రమాణం. స్నానం, బట్టలు, గిన్నెలు, ఫ్లష్, తాగేనీరు... అన్నీ కలిపి. ఆ లెక్కన నలుగురున్న ఇంటికి నెలకు 16 వేల లీటర్లు, ఐదుగురికి 20 వేల చిల్లర. అంటే సగటు కుటుంబం దర్జాగా వాడుకున్నా ఉచితం గీత లోపలే ఉంటుంది. ఆ గీత దాటితే, దాటిన మేరకు పాత రేట్ల ప్రకారం చార్జీ.

దక్షిణాఫ్రికా 2001లో ఇలాంటి పథకమే పెట్టింది. అంతకుముందే డర్బన్ నగరం చేసి చూపిన ప్రయోగం అది. అక్కడ కుటుంబానికి ఉచితం నెలకు 6 వేల లీటర్లే. ఎనిమిదిమంది ఇంట్లో మనిషికి రోజుకు 25 లీటర్లని లెక్కగట్టారు. తాగడానికి, వండుకోవడానికి, ఒంటిమీద పోసుకోవడానికి. ఆపైన వాడే ప్రతి చుక్కకూ మెట్టుమెట్టుగా ధర. అది మరీ పిసినారితనమని అక్కడివాళ్లు గొడవ చేశారు, ఆ గొడవలో న్యాయం ఉంది. మన 20 వేలు దానికి మూడింతలకు పైనే. అదేమో చాలీచాలని కొలత, ఇదేమో ధారాళం. పేదింటికి నీళ్లు హక్కుగా అందాలనే కోరికలో తేడా లేదు కానీ, పొదుపు వైపునుంచి చూస్తే మన లెక్కలో ఓ లోటు ఉంది. ఎనిమిది వేల లీటర్లతో సరిపెట్టుకున్న ఇంటికీ సున్నానే, పందొమ్మిది వేలు వాడిన ఇంటికీ సున్నానే. జాగ్రత్తగా ఉన్నవాళ్లకి ‘శభాష్’ అనే మాట కూడా ఆ బిల్లులో లేదు.

దిల్లీలో 2015 మార్చి నుంచి ఇదే 20 వేల లీటర్ల పథకం ఉంది. అక్కడ గీత దాటితే మొత్తం వాడకానికీ కట్టాల్సి వచ్చేలా పెట్టారు, మన గృహజ్యోతిలాగా. గీత దగ్గరున్నవాళ్లకి అది బాగానే పనిచేస్తుంది. గీతకు చాలా దూరంలో ఉన్నవాళ్లకి ఏదైనా ఒకటే.

నడిచొచ్చిన నీళ్లు... ఎక్కి వచ్చే నీళ్లు

గండిపేట నీళ్లు తాగినవాళ్లు హైదరాబాద్ వదిలి వెళ్లలేరంటారు పాతబస్తీ పెద్దలు. గుడిమల్కాపూర్ వాసులకు ఆ మాట మరీ దగ్గరిది. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచేశాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలతో కట్టిన ఉస్మాన్‌సాగరే గండిపేట చెరువు. 1920లో పూర్తయింది. అక్కణ్నుంచి కాలువలో పల్లానికి దానంతటదే నడిచొచ్చే నీటిని శుద్ధిచేసేది ఆసిఫ్‌నగర్ ఫిల్టర్‌బెడ్స్‌లోనే, అంటే ఈ గల్లీలకు కూతవేటు దూరంలో. హిమాయత్‌సాగర్ 1927లో తోడైంది. మోటారు లేదు, కరెంటు లేదు. చవకైన నీళ్లంటే అవి. ‘నీళ్లకి కూడా డబ్బులేంటి?’ అని పాతతరం ఆశ్చర్యపోయిందంటే తప్పు వాళ్లది కాదు.

నగరం పెరిగింది. గండిపేట చాల్లేదు. మంజీరా వచ్చింది, సింగూరు వచ్చింది. అవీ చాలక 2004లో కృష్ణా నీళ్లు తెచ్చారు. 2008లో రెండోదశ, 2015లో మూడోదశ. ఆ ఏడాదే గోదావరి కూడా. కృష్ణా నీరు వంద కిలోమీటర్లకు పైగా, గోదావరి నీరు ఎల్లంపల్లి నుంచి 180 కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి వస్తుంది.

దూరం కంటే ఎత్తు పెద్ద సమస్య. నాగార్జునసాగర్ నిండుకుండలా ఉన్నప్పుడు నీటిమట్టం 590 అడుగులు, అంటే దాదాపు 180 మీటర్లు. హైదరాబాద్ ఉన్నది సముద్రమట్టానికి 500 మీటర్లపైన. చార్మినార్‌లను ఒకదానిమీద ఒకటి ఐదు పేర్చినా అందనంత ఎత్తుకు ప్రతి చుక్కనీ మోటార్లతో ఎక్కించాలి. ఎల్లంపల్లి ఇంకా పల్లంలో ఉంది. పగలూ రాత్రీ తిరిగే ఆ పంపులకయ్యే కరెంటు ఖర్చే జలమండలికి పెద్ద తలనొప్పి. వెయ్యి లీటర్ల నీళ్లు ఇంటి నల్లాదాకా చేరడానికి 40 రూపాయలకు పైనే అవుతుందని అధికారులు చెబుతుంటారు.

మరి వసూలు చేసేది? 2011లో ఖరారైన రేట్ల పట్టికలో గృహాలకు మొదటి 15 వేల లీటర్లకు వెయ్యి లీటర్లకి 10 రూపాయలు. ఆపైన 30 వేల దాకా 12 రూపాయలు, 50 వేల దాకా 22 రూపాయలు... అలా పెరుగుతూ, బాగా ఎక్కువ వాడేవాళ్లకు 40 దాకా వెళ్తుంది. నీటి చార్జీ మీద 35 శాతం మురుగునీటి సెస్సు అదనం. వాడిన నీళ్లు ఎక్కడికో పోవాలి కదా! ఉచిత పథకం వచ్చినప్పుడూ లెక్కకు ఆధారం ఈ పట్టికే. పట్టికలో మెట్లు బాగానే ఉన్నాయి. అయితే మధ్యతరగతి ఇల్లు మొదటి రెండు మెట్లు దాటి పైకెక్కేది అరుదు. నెలకు 25 వేల లీటర్లు వాడిన ఇంటికి ఉచితం లేని రోజుల్లో నీటి చార్జీ 270 రూపాయలు. ఓ రెండువేలు తగ్గించుకుంటే మిగిలేది 24 రూపాయలు, సెస్సుతో కలిపినా 32 చిల్లర. రెండు కప్పుల ఇరానీ చాయ్! దానికోసం కారుతున్న నల్లాకి వాషర్ మార్పించాలంటే ప్లంబరు వచ్చిపోయే ఖర్చే అంతకు ఎన్నో రెట్లు.

వాషర్ పోయిన నల్లా నుంచి సెకనుకో చుక్క పడితే రోజుకు పదిహేను, ఇరవై లీటర్లు పోతాయి. నెలకు దాదాపు అయిదారు వందల లీటర్లు. బిల్లులో దాని విలువ 5, 6 రూపాయలు. ఆ చుక్కని సాగర్ నుంచి పైకెక్కించిన ఖర్చు మాత్రం బిల్లులో కనిపించదు.

ఒకటే నీళ్లు... నాలుగు ధరలు

అలాగని హైదరాబాద్ జనం నీళ్లకు డబ్బు పెట్టరంటే ఎవరూ ఒప్పుకోరు. పెడుతున్నారు, బాగానే పెడుతున్నారు. బిల్లు రూపంలో కాదంతే.

ఒక్కో వెయ్యి లీటర్లకు లెక్కగట్టి చూడండి. ఉచితం గీతలోపు నల్లా నీళ్లు: సున్నా. పట్టిక ప్రకారం కట్టేవాళ్లకి: 10, 12 రూపాయలు. జలమండలి ట్యాంకరు 2024 వేసవిలో ఇంటి అవసరాలకు 5 వేల లీటర్లు 500 రూపాయలు, అంటే వెయ్యికి వంద. బోర్లు ఎండిన ఆ వేసవిలో ప్రైవేటు ట్యాంకరు కావాలంటే వాళ్లు చెప్పిందే రేటు. ఇక గల్లీ చివర ప్లాంటు నుంచి వచ్చే 20 లీటర్ల క్యాను పాతిక రూపాయలనుకుంటే వెయ్యి లీటర్లకు 1,250!

ట్యాంకరు నీళ్లతో నడిచే ఇంట్లో బకెట్ పొంగితే ఎలా ఉంటుందో అడగండి. ఇంటిల్లిపాదీ లేచొస్తారు. క్యాను నీళ్లతో చెయ్యి కడుక్కుంటే పిల్లాడికి అక్షింతలు పడతాయి. పొదుపు గుణం అందరిలోనూ ఉంది. అయితే ధర మాత్రం తారుమారుగా ఉంది. నల్లా ఉన్నవాడికి సున్నా, నల్లా అందనివాడికి వంద. శివార్లలో పైపులైను చేరని కాలనీలో ఉన్న కుటుంబం, బంజారాహిల్స్‌లో లాన్ తడుపుకునే ఇంటికన్నా పదిరెట్లు ఎక్కువ పెట్టి నీళ్లు కొంటోంది.

పంచుకునే బిల్లు

మళ్లీ మన మూడంతస్తుల ఇంటికి వద్దాం. కిరాయి మాట్లాడుకున్న రోజే ఓనరు ఓ మాట చెప్పేస్తారు: ‘‘కరెంటు మీ మీటరు మీదే. నీళ్లకి నెలకు రెండొందలు.’’ నల్లా బిల్లు ఎంతొచ్చిందో, అసలు సున్నా వచ్చిందో కిరాయిదారులకు తెలియదు. అడిగితే బాగుండదు. ‘రెండొందలు కట్టాం కదా’ అన్నది ఒక్కటే తెలుసు. కట్టేశాక పొదుపు చేసినా, పారబోసినా ఆ రెండొందలు మారవు. ఇంటికి 20 వేల లీటర్లు ఉచితమే కానీ ఆ ఒక్క కనెక్షన్ మీద బతికేది ఐదు కుటుంబాలు, ఇరవైమంది. వాళ్ల గీత నెలలో మొదటి పది రోజుల్లోనే దాటిపోతుంది. అంటే ఎక్కువ వాడినందుకు పై మెట్టు చార్జీ పడేది ఏ విలాసవంతుల మీదో కాదు... ఒకే నల్లాకింద సర్దుకున్న ఈ ఇంటి మీద. ఎక్కువ వాడేవాళ్లని ఆపడానికి పెట్టిన మెట్ల రేట్లు ఎక్కువమంది ఉన్న ఇంటిని పట్టుకుంటాయి.

అపార్ట్‌మెంట్లలో ఫ్లాటుకు 20 వేల చొప్పున లెక్కవేసి ఉచితం ఇస్తారు కాబట్టి అక్కడ ఈ అన్యాయం లేదు. కానీ బిల్లు అసోసియేషన్‌కు వస్తుంది, మెయింటెనెన్స్‌లో కలిసిపోతుంది. ముసలి దంపతులిద్దరున్న ఫ్లాటుదీ, ఏడుగురున్న ఫ్లాటుదీ ఒకటే వాటా. పదిమంది కలిసి హోటల్‌కెళ్లి బిల్లు సమానంగా పంచుకుంటే ఎవరూ ఇడ్లీతో సరిపెట్టుకోరు కదా, అలాగన్నమాట. కొత్త గేటెడ్ కమ్యూనిటీలు కొన్ని ఫ్లాటుకో మీటరు పెట్టుకుంటున్నాయి. పాత అపార్ట్‌మెంట్లకు అదంత తేలిక కాదు. ఒక్కో ఫ్లాటుకు వంటింటికో పైపు, బాత్రూముకో పైపు పైనుంచి వేర్వేరుగా దిగుతాయి. ఒక్క ఫ్లాటుకే మూడు నాలుగు మీటర్లు కావాలి.

సరే, మీటరుందీ బిల్లుందీ అనుకుందాం. ధర పెంచితే చాలా? చాలా దేశాల్లో జరిగిన అధ్యయనాల ప్రకారం నీటి ధర పది శాతం పెరిగితే వాడకం తగ్గేది రెండు నుంచి నాలుగు శాతమే. స్నానం మానేయలేం, వంట మానేయలేం. ధరకు లొంగనిది ఎక్కువ, లొంగేది తక్కువ. ఆ లొంగే కొంచెం కోసం పేదింటి మీద భారం వేయడం సబబేనా అన్నది ఎప్పుడూ ఉండే ప్రశ్న.

అమెరికాలోని జార్జియా రాష్ట్రం, కాబ్ కౌంటీలో 2007 కరవు సమయాన లక్షకు పైగా ఇళ్లమీద ఓ ప్రయోగం జరిగింది. ధర ముట్టుకోలేదు. కొన్ని ఇళ్లకు నీటి పొదుపు చిట్కాల కాగితం పంపారు. కొన్నిటికి చిట్కాలతోపాటు ‘దయచేసి తగ్గించండి’ అని ఉత్తరం. మరికొన్నిటికి ఇంకో వాక్యం కలిపారు: మీ ఇంటి వాడకం ఇంత, మీ చుట్టుపక్కల ఇళ్ల సగటు ఇంత. చిట్కాల కాగితం దాదాపు చెత్తబుట్టలోకే వెళ్లింది. పక్కింటితో పోల్చిన ఉత్తరం అందుకున్న ఇళ్లలో వాడకం దాదాపు ఐదు శాతం తగ్గింది. అందరికంటే ఎక్కువ వాడేవాళ్లే ఎక్కువ తగ్గించారు. పైసా ఖర్చులేదు, ఎవరి జేబుకూ చిల్లు లేదు. మన గల్లీల్లో పక్కింటివాళ్లతో పోలిక ఎంత పనిచేస్తుందో వేరే చెప్పాలా! జలమండలి బిల్లులో కూడా ఆ ఒక్క వరస చేరిస్తే చూడాలనిపిస్తుంది.

ముందు నీళ్లు రానీ...

ధరల గురించి ఎంత మాట్లాడినా చివరికి ఒక దగ్గర ఆగిపోవాలి. నగరంలో చాలాచోట్ల నల్లా వచ్చేది రోజు విడిచి రోజు, అదీ గంటో రెండు గంటలో. లైన్‌మన్ వాల్వు తిప్పే వేళకి ఇంట్లో ఉన్న డ్రమ్ములు, బిందెలు, బకెట్లు అన్నీ నింపాలి. మరుసటిసారి నల్లా రాగానే ‘పాత నీళ్లు’ పారబోసి ‘తాజా నీళ్లు’ పట్టుకోవడం ఎన్నో ఇళ్లలో ఆనవాయితీ. నీళ్లు రాని వేళ తిప్పిన నల్లాని కట్టేయడం మర్చిపోతే అర్ధరాత్రి వచ్చిన నీళ్లు మోరీలోకే. ఇవన్నీ కొరత నేర్పిన వృథా అలవాట్లు. పైగా ఒత్తిడి చాలక కొందరు లైనుకే మోటారు బిగించి గుంజుతారు. కింది ఇంటివాళ్లు అలా గుంజితే గల్లీ చివరివాళ్లకి గాలే మిగులుతుంది. 2025 ఏప్రిల్‌లో జలమండలి ఈ మోటార్ల మీద ప్రత్యేకంగా తనిఖీలు చేసి స్వాధీనం చేసుకుంది, 5 వేల రూపాయల జరిమానా అంది.

మరో విచిత్రం. ఖాళీ పైపులోకి నీళ్లు వచ్చేముందు లోపలున్న గాలి తోసుకుంటూ బయటికొస్తుంది. ఆ గాలికి కూడా మీటరు తిరుగుతుంది. ‘మా మీటరు గాలికి తిరుగుతోంది సార్’ అంటే కొందరు నవ్వుతారు కానీ, విడతలవారీగా నీళ్లిచ్చే ఏ ఊళ్లోనైనా ఉన్నదే. గాలికి డబ్బు కట్టాననుకునే మనిషికి ఆ బిల్లుమీద నమ్మకం ఎక్కడుంటుంది?

కాంబోడియా రాజధాని నామ్‌పెన్ కథ ఇక్కడ చెప్పుకోవాలి. 1993లో ఎక్ సాన్ చాన్ అనే ఇంజినీరు ఆ నగర నీటి సంస్థ బాధ్యత తీసుకునేనాటికి నూటికి 72 వంతుల నీళ్లు లెక్కాపత్రం లేకుండా పోయేవి. రోజుకు పది గంటలు వస్తే గొప్ప. ఆయన పైపులు మార్పించారు, ఇంటింటికీ మీటర్లు పెట్టించారు, చేతివాటం సిబ్బందిని దారికి తెచ్చారు. మీటరు వద్దన్న ఓ సైనికాధికారి తుపాకీ చూపిస్తే, వెనక్కెళ్లి బలగంతో తిరిగొచ్చి కనెక్షన్ కట్ చేయించారు. పెద్దవాళ్లూ బిల్లు కట్టక తప్పదని ఊరికి అర్థమైంది. పేదలకు కనెక్షన్ ఖర్చులో రాయితీ, వాయిదాలు. పదిహేనేళ్లు దాటేసరికి నీటి నష్టం ఆరు శాతానికి దిగింది, నల్లా 24 గంటలూ వచ్చింది. ఆయనకు 2006లో రామన్ మెగసెసే పురస్కారం దక్కింది.

నామ్‌పెన్‌లో ధర కూడా పెంచారు. కానీ నీళ్లు మెరుగయ్యాక పెంచారు. హైదరాబాద్‌లో శుద్ధిచేసి పంపిన నీటిలో దాదాపు 40 శాతం లీకేజీలకు, దొంగ కనెక్షన్లకు, లెక్కకు రాని వాడకానికి పోతోందన్నది ఏళ్లుగా వినిపిస్తున్న అంచనా. ఇంట్లో కారే చుక్క గురించి అడిగే ముందు రోడ్డు కింద పగిలిన పైపు సంగతేమిటని ఓనరు అడిగితే తప్పేముంది?

అయినా ఇంట్లో చేయగలిగింది ఇంట్లో చేసుకోవచ్చు. నీళ్ల మీటరు చదవడం కరెంటు మీటరుకంటే తేలిక. నల్ల అంకెలు వేల లీటర్లు. ఎర్ర అంకెలు అందులో భాగాలు. మధ్యలో చిన్న చక్రంలాంటిది ఉంటుంది. నల్లా వచ్చే వేళ సంపులోకి వెళ్లే వాల్వు, ఇంట్లో నల్లాలు అన్నీ కట్టేసి అద్దం తుడిచి చూడండి. ఆ చక్రం తిరుగుతూనే ఉంటే మీటరుకూ వాల్వుకూ మధ్య ఎక్కడో లీకుంది. ట్యాంకు నుంచి పోర్షన్లకు దిగే పైపు ఒక్కోటే అయితే దానికో చిన్న మీటరు బిగించుకోవచ్చు. అప్పుడు రెండొందల లెక్క పోయి, ఎవరి వాడకానికి వాళ్ల లెక్క వస్తుంది. అదీ కుదరని ఓనరు నెలకోసారి నల్లా రీడింగూ, వచ్చిన బిల్లూ మెట్ల కింద కరెంటు మీటర్ల పక్కన గోడమీద సుద్దముక్కతో రాస్తే చాలు. మీటరు లెక్కలు చెప్పడానికి చిన్నీ ఎలాగూ ఉంది.

ఇంకో సంగతి. ఈసారి నల్లా బిల్లు వచ్చినప్పుడు కింద అంకెలతోపాటు పైన ఉండే రీడింగులూ చూడండి. పాత రీడింగు, కొత్త రీడింగు ఒకటే ఉన్నాయా? నీళ్లు వాడుతూనే ఉన్నా అంకె కదలకపోతే మీటరు ఆగిపోయినట్టు. మీటరు పనిచేయకపోతే ఉచితమూ పోవచ్చు, అంచనా బిల్లూ రావచ్చు. బిల్లు మీదుండే క్యాన్ నంబరు దగ్గర పెట్టుకుని జలమండలి 155313కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించుకోండి. కిరాయికుండేవాళ్లయితే బిల్లు ఓసారి చూపించమని ఓనరుని అడగండి.